తిరుపతిలో ఎమ్మెస్సీ చేస్తూ మేథమెటికల్ లాజిక్‌లో పీహెచ్‌డీకి వెళ్ళాలంటే

మీరు అడిగింది ఇదీ: తిరుపతిలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ రెండో ఏడాది చదువుతున్నారు, లాజిక్‌లో పీహెచ్‌డీ చేయాలని ఉంది, డిపార్ట్‌మెంట్‌లో ఆ సబ్జెక్టులో పనిచేసే గైడ్ లేరు. ఏం చదవాలి, ఎక్కడికి వెళ్ళాలి, తర్వాత ఉద్యోగం దొరుకుతుందా?

వీటన్నిటికంటే ముందు ఏ శాఖ అన్నది తేల్చుకోండి. "లాజిక్‌లో పీహెచ్‌డీ" అంటూ విడిగా ఒకటి ఉండదు. సెట్ థియరీ, మోడల్ థియరీ, కంప్యూటబిలిటీ, ప్రూఫ్ థియరీ అని నాలుగు పాత శాఖలున్నాయి. వీటిలో దేనిమీద మనసుందన్నదాన్ని బట్టే మీరు రాయాల్సిన పరీక్ష, చేరాల్సిన డిపార్ట్‌మెంట్, ఒక్కోసారి దేశం కూడా మారిపోతాయి. ఇది తేల్చకుండా సీఎస్ఐఆర్ నెట్ (లెక్చరర్ అర్హతకు, ఫెలోషిప్‌కు పెట్టే జాతీయ పరీక్ష) కోచింగ్‌కు పరుగెత్తితే చివరికి మన రాయలసీమలో చాలామందికి జరిగేదే జరుగుతుంది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తుంది, లాజిక్ గైడ్ దొరకడు, ఫ్లూయిడ్ డైనమిక్స్‌లోనో గ్రాఫ్ థియరీలోనో రిజిస్టర్ అవుతారు. అవి చెడ్డ సబ్జెక్టులని కాదు, మీరు అడిగినవి అవి కావంతే.

శాఖల గురించి కాస్త వివరంగా చెప్తాను. ఇక్కడ తొందరపడితే ఐదేళ్ళు అనుభవించాలి.

మోడల్ థియరీ ఆల్జీబ్రా ఇష్టమైనవాళ్ళకు. ఒక యాక్సియమ్‌ల జాబితాకు ఎలాంటి స్ట్రక్చర్లు మోడల్స్ అవుతాయి (అంటే ఆ యాక్సియమ్‌లన్నీ వాటిలో నిజమవుతాయి), వాటిలో ఏ సెట్లను ఫార్ములాతో నిర్వచించగలం అన్నది దీని పని. ఉదాహరణకు 1968లో ఆక్స్ నిరూపించిన ఫలితం చూడండి. కాంప్లెక్స్ సంఖ్యల మీద 'ఎన్' వేరియబుల్స్‌లో ఒక పాలినామియల్ మ్యాప్ ఇంజెక్టివ్ అయితే అది సర్జెక్టివ్ కూడా అయి తీరుతుంది. ఫైనైట్ ఫీల్డ్‌లో ఇది లెక్కపెట్టి చెప్పేయొచ్చు, సెట్ ఫైనైట్ కాబట్టి. అక్కడి నుంచి ఫైనైట్ ఫీల్డ్ ఆల్జీబ్రాయిక్ క్లోజర్‌కు, అక్కడి నుంచి కాంప్లెక్స్ సంఖ్యలకు లాజిక్ ద్వారా దాటిస్తారు. ఈ దాటించడమే మోడల్ థియరీ. ఫీల్డ్ ఎక్స్‌టెన్షన్లు, గాల్వా థియరీ, కొంచెం కమ్యుటేటివ్ ఆల్జీబ్రా రాకుండా ఈ శాఖలో రెండో ఏడాది దాటడం కష్టం. ఎమ్మెస్సీలో ఆల్జీబ్రా పేపర్‌ను గెస్ పేపర్లతో దాటేసినవాళ్ళు ముందు ఆ లోటు పూడ్చుకోవాలి.

సెట్ థియరీకి టోపాలజీ, మెజర్ థియరీ, ఆర్డినల్స్ మీద చేయి తిరిగి ఉండాలి. కంటిన్యుయమ్ హైపోథిసిస్‌ను (పూర్ణసంఖ్యల సెట్‌కూ రియల్ సంఖ్యల సెట్‌కూ మధ్య సైజున్న సెట్ ఏదీ లేదన్న ఊహను) జెడ్ఎఫ్‌సీ (సెట్ థియరీకి మామూలుగా వాడే యాక్సియమ్‌ల జాబితా) నుంచి తప్పని నిరూపించలేమని 1938లో గోడెల్ చెప్పాడు. నిజమని కూడా నిరూపించలేమని 1963లో కోహెన్ ఫోర్సింగ్ అనే పద్ధతితో చూపించాడు. 1966లో కోహెన్‌కు ఫీల్డ్స్ మెడల్ ఇచ్చింది ఈ పనికే. ఫోర్సింగ్ నేర్చుకోవడానికే మంచి విద్యార్థికి ఒక పూర్తి సెమిస్టర్ పడుతుంది. పరిశోధన ఆ తర్వాత.

కంప్యూటబిలిటీకి (దేన్ని ఆల్గారిథమ్‌తో లెక్కించగలం, దేన్ని లెక్కించలేం అన్న శాఖ) ముందు తెలియాల్సినవి తక్కువ, కానీ నిరూపణలు చాలా చిక్కుగా ఉంటాయి. ప్రూఫ్ థియరీ (నిరూపణలనే గణిత వస్తువులుగా చదివే శాఖ), దాని పక్కనే టైప్ థియరీ, ఇప్పుడు కంప్యూటర్ సైన్స్‌తో కలిసిపోయాయి. లీన్ లాంటి ప్రూఫ్ అసిస్టెంట్ల (నిరూపణలను అడుగడుగునా సరిచూసే సాఫ్ట్‌వేర్) వల్ల ఈ వైపు గిరాకీ కూడా పెరిగింది.

ఇక భారతదేశం సంగతి. మన దగ్గర లాజిక్ పరిశోధన ఎక్కువగా కంప్యూటర్ సైన్స్ విభాగాల్లోనే జరుగుతోంది. మీకు దగ్గర్లో ఉన్నది చెన్నై. తరమణిలో ఐఎంఎస్‌సీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేథమెటికల్ సైన్సెస్), సిరుసేరిలో చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ (సీఎంఐ), రెండింటిలోనూ లాజిక్, ఆటోమేటా (కంప్యూటర్లకు గణిత నమూనాలు), వెరిఫికేషన్ (ప్రోగ్రాములు సరిగా పనిచేస్తాయని నిరూపించడం) మీద పాత, బలమైన బృందాలున్నాయి. ఐఎంఎస్‌సీలో థియరిటికల్ కంప్యూటర్ సైన్స్‌కు జెస్ట్ (పరిశోధనా సంస్థల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) పరీక్షలో విడిగా పేపర్ ఉంటుంది. సీఎంఐ సొంతంగా ప్రవేశ పరీక్ష పెడుతుంది. ఆ పేపర్లు నెట్ పేపర్లలా ఉండవు. గ్రాఫ్‌లు, కౌంటింగ్, ఆల్గారిథమ్స్, ఫైనైట్ ఆటోమేటా అడుగుతారు. ఫార్ములా గుర్తుంటే సరిపోదు, నిరూపణ రాయాలి. ఎమ్మెస్సీ మ్యాథ్స్ వాళ్ళు ఇక్కడ పోయేది ఆటోమేటా దగ్గరే. డిటర్మినిస్టిక్, నాన్‌డిటర్మినిస్టిక్ ఆటోమేటా, రెగ్యులర్ లాంగ్వేజ్‌లు, పంపింగ్ లెమ్మా, ట్యూరింగ్ మెషీన్ వరకు ఏ మంచి పుస్తకంలోనైనా మూడు నెలలు లెక్కలు చేయండి.

గణిత విభాగాల్లో లాజిక్ కావాలంటే ఐఐటీ కాన్పూర్‌లో ఆల్జీబ్రాయిక్ లాజిక్, రఫ్ సెట్స్ మీద చాలాకాలంగా పని జరిగింది. కోల్‌కతా ఐఎస్ఐకి (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) డిస్క్రిప్టివ్ సెట్ థియరీలో పాత పేరు. చిత్తూరు వాళ్ళకు బెంగళూరు దగ్గర కాబట్టి ఐఐఎస్‌సీలో ప్రూఫ్ అసిస్టెంట్ల వైపు ఏం నడుస్తోందో కూడా ఒక కన్నేసి ఉంచండి. ఎక్కడైనా సరే, అప్లై చేసే ముందు ఆ ఫ్యాకల్టీ ఇంకా అక్కడే ఉన్నారా, రిటైర్ కావడానికి ఎన్నేళ్ళుంది, కొత్తవాళ్ళను తీసుకుంటున్నారా అన్నది వాళ్ళ వెబ్‌పేజీలో, గత మూడేళ్ళ పేపర్లలో చూసుకోండి. సంస్థ పేరు చూసి చేరితే గైడ్ లేక మిగిలిపోతారు.

మన ఊళ్ళో ఏమీ లేదా అంటే, పీహెచ్‌డీకి కాకపోయినా పనికొచ్చేవి ఉన్నాయి. ఏర్పేడు వైపు ఐఐటీ, ఐజర్ రెండూ ఉన్నాయి. రెండూ 2015లో మొదలైనవే. అక్కడ సెమినార్లకు వెళ్ళొచ్చేమో, ఆల్జీబ్రా, టోపాలజీ కోర్సుల్లో కూర్చోవచ్చేమో మెయిల్ పెట్టి అడగండి. చాలామంది అసలు అడగనే అడగరు. ఇంకొకటి, ఊళ్ళోనే నేషనల్ సంస్కృత యూనివర్సిటీలో న్యాయ దర్శనం చెప్తారు కదా, అదీ లాజిక్కే కదా అని అడిగేవాళ్ళున్నారు. నవ్యన్యాయం గొప్ప శాస్త్రమే, సందేహం లేదు. కానీ దాని చర్చంతా జ్ఞానం, వ్యాప్తి (పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్నలాంటి విడదీయరాని సంబంధం), అనుమానం (సందేహం కాదు, ఇన్ఫరెన్స్) చుట్టూ తిరుగుతుంది. సింబల్స్‌తో కట్టిన భాష, దానికి మోడల్స్, నిరూపణనే గణిత వస్తువుగా చూడడం అందులో ఉండవు. ఫిలాసఫీ వైపు లేదా శాస్త్ర చరిత్ర వైపు వెళ్ళేవాళ్ళకు అది బంగారం. గణిత విభాగం ఇంటర్వ్యూలో మాత్రం అది లెక్కకు రాదు.

రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనే ఏపీఆర్‌సెట్ (ఏపీ యూనివర్సిటీల పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష) రాసి చేరి, బయట సంస్థ నుంచి కో-గైడ్‌ను పెట్టుకోవచ్చు. 2022 యూజీసీ నిబంధనలు కో-సూపర్‌వైజర్‌ను అనుమతిస్తాయి. కాగితం మీద బాగానే ఉంటుంది. ఆచరణలో ఇది నడవాలంటే కో-గైడ్ ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, మీరు ఏటా కొన్ని నెలలు ఆయన దగ్గర ఉండాలి, కోర్స్‌వర్క్‌లో కనీసం 12 క్రెడిట్లలో కొన్నైనా లాజిక్‌లో రావాలి. మొదటి రెండూ లేకుండా ఈ దారి పట్టకండి. గైడ్‌కు తెలియని సబ్జెక్టులో ఒంటరిగా పీహెచ్‌డీ చేస్తే ఎప్పుడో తేలిపోయిన ప్రశ్న మీద మూడేళ్ళు గడిచిపోతాయి. లాజిక్‌లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే తేలికగా కనబడే ప్రశ్నలన్నీ 1970ల లోపే అయిపోయాయి.

సీఎస్ఐఆర్ నెట్ గురించి. సిలబస్‌లో లాజిక్ లేదు. మొదటి యూనిట్‌లో ఎలిమెంటరీ సెట్ థియరీ, కౌంటబుల్, అన్‌కౌంటబుల్ సెట్లు, అంతే. అయినా రాయండి. ఇందుకు రెండు కారణాలు. జేఆర్ఎఫ్ ఉంటే నెలకు 37,000, రెండేళ్ళ తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా (సీనియర్ రీసెర్చ్ ఫెలో) 42,000, పైన హెచ్ఆర్ఏ. సొంత ఫెలోషిప్‌తో వచ్చే విద్యార్థిని గైడ్ కాదనడం తక్కువ. రెండోది ఉద్యోగం వైపు నుంచి, దాని గురించి కింద చెప్తాను. పేపర్‌లో పార్ట్ ఏ నుంచి 15, పార్ట్ బీ నుంచి 25, పార్ట్ సీ నుంచి 20 ప్రశ్నలు రాయాలి, మొత్తం 200 మార్కులు. పార్ట్ సీలో ఒక్కో ప్రశ్నకు 4.75, నెగెటివ్ లేదు, కానీ సరైన ఆప్షన్లన్నీ పెడితేనే మార్కు. లాజిక్ వైపు వెళ్ళేవాళ్ళు రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, ఆల్జీబ్రా, టోపాలజీ, కాంప్లెక్స్ పట్టుకుంటే చాలు. స్టాటిస్టిక్స్ యూనిట్ వదిలేసినా నష్టం లేదు. ఎన్‌బీహెచ్ఎం (నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమెటిక్స్) స్కాలర్‌షిప్ పరీక్ష కూడా రాయండి. కష్టమైనదే, కానీ దానికి చేసే తయారీ ఇంటర్వ్యూలకు నేరుగా పనికొస్తుంది.

పుస్తకం విషయంలో ఒకటే చెప్తాను, పది పీడీఎఫ్‌లు దించుకోవద్దు. ఎండర్టన్ రాసిన లాజిక్ పుస్తకం రెండో ఎడిషన్ (2001) ఒక్కటి పట్టుకుని పెన్నుతో చదవండి. మొదటి అధ్యాయం ప్రొపొజిషనల్ లాజిక్, రెండు మూడు వారాలు. రెండో అధ్యాయం ఫస్ట్ ఆర్డర్ లాజిక్, ఇదే ప్రాణం. రోజుకు రెండు గంటల చొప్పున రెండున్నర నెలలు పెట్టుకోండి. అందులో పార్సింగ్ ఆల్గారిథమ్ సెక్షన్ మొదటిసారి వదిలేయొచ్చు. మూడో అధ్యాయం ఇన్‌కంప్లీట్‌నెస్, ఇంకో రెండు నెలలు. ఐఎస్ఐ శ్రీవాస్తవ రాసిన లాజిక్ కోర్సు పుస్తకం (2008) కూడా మంచిదే, ఆల్జీబ్రా ఉదాహరణలు ఎక్కువ, కాకపోతే వేగం ఎక్కువ. రెండోసారి చదివేటప్పుడు తీయండి.

జనం ఎక్కడ బోల్తా పడతారో రెండు చోట్లు చూపిస్తాను.

ఒకటి సబ్‌స్టిట్యూషన్. "ఎక్స్‌కి సమానం కాని వై ఒకటి ఉంది" అన్న ఫార్ములా తీసుకోండి. రెండు ఎలిమెంట్లు ఉన్న స్ట్రక్చర్‌లో ఇది ప్రతి ఎక్స్‌కూ నిజం. ప్రతి ఎక్స్‌కూ నిజమైనది ఏ టర్మ్ పెట్టినా నిజం కావాలి కదా అని ఎక్స్ స్థానంలో వై పెట్టండి. "వైకి సమానం కాని వై ఒకటి ఉంది" అని వస్తుంది, అది ఎక్కడా నిజం కాదు. లోపలి క్వాంటిఫయర్ బయటి నుంచి వచ్చిన వైని పట్టేసుకుంది. అందుకే పుస్తకంలో ఈ టర్మ్ ఇక్కడ సబ్‌స్టిట్యూటబుల్ అయితేనే అని షరతు పెడతారు. ముందు లోపలి వై పేరును జెడ్‌గా మార్చుకుంటే సమస్య పోతుంది. ఈ షరతును చిన్నచూపు చూసినవాళ్ళు కంప్లీట్‌నెస్ థియరమ్ నిరూపణలో ఏదో ఒక అడుగు దగ్గర ఇరుక్కుంటారు, ఎందుకో మాత్రం వాళ్ళకు తెలియదు.

రెండోది కాంపాక్ట్‌నెస్. ఒక సెంటెన్స్‌ల సెట్‌లో ప్రతి ఫైనైట్ భాగానికీ మోడల్ ఉంటే మొత్తానికీ మోడల్ ఉంటుందని ఈ థియరమ్. దీన్ని వాడి, ఫైనైట్ గ్రూపులన్నిటినీ, వాటిని మాత్రమే పట్టే ఫస్ట్ ఆర్డర్ యాక్సియమ్‌లు ఉండవని చూపించమంటారు. ఉన్నాయనుకుని వాటికి "కనీసం రెండు వేర్వేరు ఎలిమెంట్లున్నాయి", "కనీసం మూడున్నాయి" అంటూ ప్రతి సంఖ్యకూ ఒక సెంటెన్స్ కలపండి. ఇప్పుడు అందులోంచి ఏదో ఒక ఫైనైట్ భాగం తీసుకోండి. అందులో వచ్చిన అతి పెద్ద సంఖ్య ఎన్ అయితే, ఆర్డర్ ఎన్ ఉన్న సైక్లిక్ గ్రూప్ దానికి మోడల్. కాబట్టి మొత్తానికి మోడల్ ఉంది, అది ఇన్ఫినిట్, అయినా మన యాక్సియమ్‌లను తృప్తిపరుస్తోంది. వైరుధ్యం. విద్యార్థులు ఇక్కడ "పెద్ద పెద్ద గ్రూపులు ఉన్నాయి కాబట్టి లిమిట్ తీసుకుంటే ఇన్ఫినిట్ వస్తుంది" అని రాస్తారు. ఇక్కడ లిమిట్ అనేదే లేదు. ముందు ఫైనైట్ భాగాన్ని ఎంచుకోవాలి, తర్వాతే దానికి తగిన గ్రూపును. ఈ వరస తారుమారు చేస్తే నిరూపణ చెల్లదు.

ఇంటర్వ్యూలో తరచూ తగిలే ఇంకో ఉచ్చు: కంప్లీట్‌నెస్, ఇన్‌కంప్లీట్‌నెస్ రెండూ గోడెల్‌వే, ఒకదానికొకటి విరుద్ధం కాదా అని అడుగుతారు. మొదటిది ఫస్ట్ ఆర్డర్ లాజిక్ గురించి: అన్ని మోడల్స్‌లోనూ నిజమైనదానికి నిరూపణ ఉంటుంది. రెండోది (1931లో గోడెల్ చెప్పినదాన్ని 1936లో రోసర్ బలపరిచిన రూపంలో) ఒక నిర్దిష్టమైన థియరీ గురించి: అది కన్సిస్టెంట్ అయి, యాక్సియమ్‌లను ఒక ఆల్గారిథమ్ గుర్తించగలిగి, తగినంత అంకగణితం ఉంటే, ఏదో ఒక సెంటెన్స్‌నూ, దాని నెగేషన్‌నూ కూడా అది నిరూపించలేదు. ఈ మూడు షరతులూ చెప్పకుండా "ప్రతి సిస్టమ్ అసంపూర్ణమే" అంటే వెంటనే రియల్ క్లోజ్డ్ ఫీల్డ్స్ (రియల్ సంఖ్యల్లాంటి ఫీల్డ్స్) థియరీ సంగతేంటి అంటారు. అది కంప్లీట్, డిసైడబుల్ కూడా, టార్స్కీ నిరూపించాడు. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో గోడెల్‌ను తెచ్చి మనిషి బుద్ధికి హద్దుల గురించి పేరాలు రాసేవాళ్ళు ఈ ప్రశ్న దగ్గరే దొరికిపోతారు. అసలు ఆ పేరాలే వద్దు.

ప్రూఫ్ థియరీ వైపు మొగ్గుంటే లీన్ నేర్చుకోండి, ఉచితం. ముందు బ్రౌజర్‌లోనే ఆడే నాచురల్ నంబర్ గేమ్ పూర్తి చేయండి, ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు. తర్వాత లాప్‌టాప్‌లో మ్యాథ్‌లిబ్ (లీన్‌కు గణిత లైబ్రరీ) పెట్టుకుంటే కొన్ని జీబీల జాగా కావాలి. 8 జీబీ ర్యామ్‌తో నెట్టుకురావచ్చు గానీ 16 ఉంటే హాయి. చాలామంది చేసే పొరపాటు, ముందే కంపైల్ అయిన ఫైళ్ళను దించే కాష్ కమాండ్ ఇవ్వకుండా బిల్డ్ కొట్టేయడం. అప్పుడు లైబ్రరీ మొత్తం మొదటి నుంచి కంపైల్ అవుతూ గంటలకొద్దీ ఫ్యాన్ మోగుతుంది, చివరికి మెమరీ చాలక ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని వదిలేయకండి, కాష్ దించి మళ్ళీ మొదలుపెట్టండి.

విదేశాలు. సెట్ థియరీ, మోడల్ థియరీ గట్టిగా చేయాలంటే నిజానికి ఇదే మంచి దారి, దీన్ని దాచిపెట్టి లాభం లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో లాజిక్‌కే ప్రత్యేకంగా రెండేళ్ళ మాస్టర్స్ ఉంది. వియన్నా, బాన్, మ్యూన్‌స్టర్, లీడ్స్‌లో బృందాలున్నాయి. బర్కిలీలో 1957 నుంచి గణితం, ఫిలాసఫీ కలిపి లాజిక్ గ్రూప్ నడుస్తోంది. అమెరికాలో పీహెచ్‌డీకి ట్యూషన్ ఫీజు సాధారణంగా ఉండదు, టీచింగ్ అసిస్టెంట్‌గా జీతం వస్తుంది. ఖర్చంతా అప్లికేషన్లదే, ఒక్కోదానికి సుమారు 75 నుంచి 125 డాలర్లు. పది పెడితే లక్ష రూపాయలకు దగ్గరవుతుంది. అందుకే ఐదారు చోట్లు, ప్రతి చోటా కనీసం ఇద్దరు లాజిక్ ఫ్యాకల్టీ ఉన్నవి ఎంచుకోండి. గడువులు ఎక్కువగా డిసెంబరు మధ్యలో ఉంటాయి, అంటే లెటర్లు ఇచ్చే ముగ్గురినీ సెప్టెంబరులోనే అడగాలి.

జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావాటిలో ట్యూషన్ లేదు, కానీ బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాస్టర్స్‌కు వెళ్తే మనలాంటివాళ్ళకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు, పీహెచ్‌డీకి ఆ ఫీజు లేదు. మాస్టర్స్ వీసాకు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన డిగ్రీ పత్రాలు అసలైనవేనన్న ధ్రువీకరణ) కావాలి, బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతా) 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ఏపీఎస్‌కు నెలలు పట్టొచ్చు. కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ యూనివర్సిటీ నుంచి రావడం ఆలస్యమైతే అంతా వెనక్కి జరుగుతుంది. చివరి సెమిస్టర్ అయిన వెంటనే అప్లై చేసుకోండి, కాన్వొకేషన్ కోసం ఆగొద్దు.

ఉద్యోగం. లెక్చరర్ పోస్టులకు మీ పీహెచ్‌డీ ఏ విభాగం నుంచి అన్నది చూస్తారు. చెన్నైలో కంప్యూటర్ సైన్స్ కింద లాజిక్ చేసి, తర్వాత ఏపీలో గణితం అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అప్లై చేస్తే స్క్రూటినీలో సంబంధిత సబ్జెక్టు కాదని అభ్యంతరం రావచ్చు. చేతిలో గణితంలో నెట్ ఉంటే ఈ బాధ లేదు, ఎమ్మెస్సీ ఎలాగూ గణితమే కాబట్టి. ఏ దారిన వెళ్ళినా నెట్ పాసవ్వమన్నది ఇందుకే. కంపెనీల వైపు అయితే చిప్ డిజైన్, సాఫ్ట్‌వేర్ వెరిఫికేషన్‌లో అవకాశాలున్నాయి, అవి సెట్ థియరీ చేసినవాళ్ళకు కాదు, ఆటోమేటా, ప్రూఫ్ అసిస్టెంట్లు తెలిసినవాళ్ళకు. సెట్ థియరీ ఎంచుకుంటే దాదాపుగా బోధనే గతి అనుకుని ఎంచుకోండి. ఇంట్లోవాళ్ళకు కూడా ఆ మాట ముందే చెప్పండి.

ఈ వేసవిలో చేయాల్సినవి: నేషనల్ సెంటర్ ఫర్ మ్యాథమెటిక్స్ నడిపే ఫౌండేషన్ స్కూళ్ళకు, వయసు, కోర్సు నిబంధనలు కుదిరితే ఎంటీటీఎస్‌కూ (మ్యాథ్స్ విద్యార్థుల వేసవి శిక్షణ) అప్లై చేయండి. లాజిక్ కోసం అయితే అసోసియేషన్ ఫర్ లాజిక్ ఇన్ ఇండియా నడిపే స్కూల్, కాన్ఫరెన్స్ ప్రకటనలు గమనిస్తూ ఉండండి. గైడ్‌లు మనుషుల్లా ఎదురుపడేది అక్కడే.

మెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్ ఇన్ లాజిక్" అంటూ ముప్పైమందికి ఒకటే పంపొద్దు. మీరు చేసిన పుస్తకం, ఏ అధ్యాయం దాకా, ఏ ఎక్సర్‌సైజ్ దగ్గర ఆగారు, ఆయన పేపర్లలో ఏది తెరిచి ఎంతవరకు అర్థమైంది, ఇవి ఎనిమిది పది వాక్యాల్లో రాయండి. కింద మీరు సొంతంగా రాసిన రెండు మూడు పేజీల నిరూపణ పీడీఎఫ్ జతచేయండి, పైన చెప్పిన ఫైనైట్ గ్రూపుల లెక్కైనా సరే, శుభ్రంగా టైప్ చేసి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాయండి.